ఆంటీ గొంతున్న 2.8.8

శుక్రవారం పొద్దున తంజోంగ్ పగార్ స్టేషన్‌లో దిగి ఆఫీసు వైపు నడుస్తున్న అలేఖ్యకు కాళ్ళు నేల మీద ఆనడం లేదు. ఎలా ఆనుతాయి చెప్పండి! ఉద్యోగంలో చేరిన ఏడు నెలలకు మొట్టమొదటిసారి "ఈసారి రిలీజు నువ్వే చెయ్యి" అన్నాడు ఆఫీసులో సీనియర్ జహీరుద్దీన్. మధ్యాహ్నం మూడింటికి సెంబవాంగ్ ఓడల యార్డులో పరీక్ష. అందులో తమ కంపెనీ చేసిన పెట్టె నెగ్గితే ఓడల ట్యాంకుల్లోకి దిగే ప్రతి ముఠా దగ్గరా అలాంటిది ఒకటి ఉంటుంది. అనకాపల్లి నుంచి వచ్చిన ఇరవై అయిదేళ్ళ పిల్ల, సింగపూర్‌లో, తన చేతుల మీదుగా! ఆ సంబరంలో మేడ కింద కొట్టులో కోపీకి, అంటే అక్కడి కాఫీకి, డబ్బులిచ్చి, కోపీ తీసుకోకుండానే మెట్లెక్కేసింది.

అది 2016. ఊళ్ళో ఏ మేడ ఎక్కినా ఒక స్టార్టప్ తగిలే కాలం. వీళ్ళదీ అలాంటిదే: కోపీ కొట్టు మీద రెండో అంతస్తు, అయిదుగురు మనుషులు, ఒకటే ఏసీ. పని మాత్రం చిన్నది కాదు. ఓడ మరమ్మతుకి వచ్చినప్పుడు దాని నూనె ట్యాంకుల్లోకి మనుషులు దిగి కడుగుతారు. లోపల గాలి చెడితే ఒక్కోసారి వాసన కూడా రాదు, మనిషి ఉన్నచోటే కూలబడిపోతాడు. వీళ్ళు చేసే పెట్టె ఆ గాలిని పసిగట్టి, లోపలున్నవాళ్ళను బయటికి రమ్మని నోటితో చెబుతుంది. తెలుగులో, తమిళంలో, బెంగాలీలో చెబుతుంది.

తెలుగు గొంతు మంగతాయారు ఆంటీది. ముప్ఫయ్యేళ్ళుగా సెంబవాంగ్ ఫ్లాట్‌లో ఉంటున్న ఆవిడ, ఆదివారమైతే చాలు, క్రాంజీ డార్మిటరీల్లో ఉండే మన కార్మికులకు వండి పెడుతుంది. పెడుతూ తిడుతుంది. "ఏరా, ఆ గడ్డం ఏమిటి, సన్నాసుల్లో కలుస్తావా? చెప్పులు బయట విప్పావా? ఇంకో ముద్ద తిను, గాలికి కొట్టుకుపోయేలా ఉన్నావు." ఆ తిట్లు తినడానికే సగంమంది వస్తారు. జహీరుద్దీన్ ఆవిడ వంటింట్లోనే ఫోన్ పట్టుకుని రికార్డు చేశాడు. రాసిచ్చిన కాగితంలో ‘దయచేసి వెంటనే నిష్క్రమించండి’ అని ఉంది. "ఇలా ఎవడు మాట్లాడతాడయ్యా, నా మొహం!" అని ఆవిడ కాగితం పక్కన పారేసి, తన పద్ధతిలో చెప్పింది. చివర్లో పొయ్యి మీద కుక్కరు కూడా ఒక కూత వేసింది. బాగుందని దాన్నీ ఉంచేశారు. అప్పటినుంచి కార్మికులకు అది ఆంటీ పెట్టె.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. పెట్టెలో నడిచే ప్రోగ్రాం మొత్తం వీళ్ళు రాసింది కాదు. ఎక్కడో యూరప్‌లో కొందరు కలిసి రాసి అందరికీ ఉచితంగా వదిలితే, వీళ్ళు దాన్ని ఫోర్క్ చేసుకున్నారు. అంటే మొత్తానికి నకలు తీసుకుని, దాని మీద తమ మార్పులు తాము చేసుకుంటూ పోయారు. అక్కడ అసలువాళ్ళూ తమ దాన్ని పెంచుతూనే ఉంటారు. ఎవరైనా సరే, ఒక్కో విడుదలకు ఒక్కో ట్యాగు తగిలిస్తారు, ఆవకాయ జాడీకి చీటీ కట్టినట్టు. 2.6.1, 2.6.2, 2.6.3... వీళ్ళూ అదే వరసలో అంకెలు వేసుకుంటూ వచ్చారు.

వచ్చినవాళ్ళు తిన్నగా రావచ్చు కదా! చైనీస్‌లో చావు అన్న మాటలా వినబడుతుందని యజమాని లియోంగ్ గారికి నాలుగు అంకె పడదు. 2.6.3 తర్వాత 2.6.4 అనగానే ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "ఫోర్ కెనాట్ లా! పుట్ ఎయిట్. డబుల్ ఎయిట్, ష్యూర్ హువాట్!" అన్నాడు. రెండు ఎనిమిదులుంటే తప్పకుండా కలిసొస్తుందని ఆయన నమ్మకం. ఎనిమిది శని అంకె అని మంగతాయారు గారి భర్త ఈశ్వరరావు అంకుల్ మొత్తుకున్నా వినలేదు. జహీరుద్దీన్ నవ్వుకుని, "ఒరిజినలోళ్ళు అక్కడిదాంక రావాల్నంటే రెండేండ్లు పడ్తది, పోనీయ్" అని, ఆంటీ గొంతున్న విడుదలకు 2.8.8 అని ట్యాగు కట్టేశాడు. కట్టి, ట్యాగుంది కదా ఇంకెందుకని, యార్డు కోసం ఆ మార్పులు చేసిన బ్రాంచిని, అంటే ఆ కోడ్ పాయకు విడిగా ఉన్న పేరును, తీసేశాడు. ఆ పనినంతా పట్టుకుని ఉన్నది ఆ ఒక్క చీటీయే.

రెండేళ్ళు పట్టలేదు. ఎనిమిది నెలలు పట్టింది. గురువారం రాత్రి యూరప్ వాళ్ళు తమ కొత్త విడుదల చేశారు. దాని అంకె ఏమిటో మీరే ఊహించుకోండి.

అలేఖ్య ఊహించలేదు. ఆమెకు అప్పజెప్పిన పని చాలా చిన్నది. 2.8.8 అన్న ట్యాగు చెప్పి బిల్డు మీట నొక్కితే, సర్వరు ఆ ట్యాగున్న కోడ్ తీసి, తయారుచేసి, నెట్ మీద సెంబవాంగ్ యార్డులోని పెట్టెలోకి పంపేస్తుంది. అంతే, నొక్కి ఊరుకోవచ్చు. కానీ మొదటి రిలీజు కదా, చేతులు ఊరుకుంటాయా? అసలువాళ్ళు బ్యాటరీ ఎక్కువసేపు నిలిచేలా ఏదో చేశారని చదివింది. అదేమిటో చూద్దామని వాళ్ళ దగ్గరున్నదంతా, ట్యాగులతో సహా, తన కంప్యూటర్లోకి దింపుకుంది. ఆ దిగుమతిలో వాళ్ళ 2.8.8 వచ్చి వీళ్ళ 2.8.8 మీద చప్పుడు చేయకుండా కూర్చుంది. ఒక్క మాట హెచ్చరిక లేదు.

తర్వాత తన దగ్గరున్న ట్యాగులన్నీ ఆఫీసు సర్వరుకు పంపబోతే మాత్రం అది ఒప్పుకోలేదు. ఈ పేరుతో ట్యాగు ముందే ఉంది, తీసుకోను పొమ్మంది. "ఉంటే ఉందిలే, అది మనదేగా!" అనుకుని అలేఖ్య బలవంతంగా తోసేసింది. ఆ తోసెయ్యడమే కొంప ముంచింది. తర్వాత బిల్డు నొక్కింది. పచ్చదీపం వెలిగింది. లేచి కుర్చీ చుట్టూ ఒక చుట్టు తిరిగింది. సెంబవాంగ్ బయల్దేరుతున్న లియోంగ్ గారు ఆమె చేతిలో ఒక అనాస పండు బిళ్ళ పెట్టి, "గుడ్, గుడ్" అని మెట్లు దిగాడు.

పన్నెండున్నరకు ఫోన్ మోగింది. యార్డులో ట్యాంకు ముఠాకు పెద్ద, శ్రీకాకుళం వైపు మనిషి, వీరభద్రరావు.

"అమ్మాయిగారూ, ఏటండీ ఇది? ఆంటీ ఏదండీ?"

"ఏమైంది అంకుల్?"

"పెట్టిని ఓపాలి నొక్కి సూసినాను. ఇంగిలీసులో మాటాడతంది. ఆంటీ నేదు, కుక్కరూ నేదు. ఎవులో దొరసానిలాగ ఎవాక్యేటు, ఎవాక్యేటు అంటంది."

అలేఖ్య కొరకబోయిన అనాస బిళ్ళను బల్ల మీద పెట్టేసింది. "ఉండండి అంకుల్, చూస్తాను, ఏదో చిన్న..."

"సిన్నది కాదమ్మా." వీరభద్రరావు గొంతు తగ్గింది. "కిందటేడు మన సింహాద్రి అలాగే కదా పడిపోనాడు. ఇంగిలీసు పెట్టి అరుస్తంటే, బయట ఎవుల్నో పిలస్తన్నారనుకుని పని సేసుకుంటా ఉండిపోనాడు. నలుగురు మోసుకొచ్చినారు. దేవుడి దయ, బతికినాడు. ఈ పొద్దు మూడింటికి సేప్టీ ఆపీసరొస్తాడు. మన పెట్టి నెగ్గకపోతే ఆ ఇంగిలీసు పెట్టిలే కొనీసి ఊరుకుంటారట. కాయితం రాసుకుని తయారుగున్నారు. రేపు ట్యాంకులోకి దిగీది మావోలేనమ్మా."

"మూడింటికి ఆంటీ మాట్లాడుతుంది అంకుల్. నాదీ పూచీ," అంది అలేఖ్య. ఎలా అన్నదో ఆమెకే తెలియదు.

ఫోన్ పెట్టేసి చూస్తే విషయం అర్థమైంది. చీటీ తమదే, జాడీ వాళ్ళది. సర్వరులో 2.8.8 అన్నది ఇప్పుడు యూరప్ వాళ్ళ కోడ్. పాత బిల్డు ఫైలు మీద అదే పేరుతో కొత్తది రాసేసింది సర్వరు. ఆంటీ గొంతు, తమిళం, బెంగాలీ, ఆర్నెల్ల పని ఎక్కడుందో చూపే పేరే లేదు. బ్రాంచి లేదు. ట్యాగు లేదు. కంగారులో మనుషులు చేసే పనే ఆమె కూడా చేసింది: తన కంప్యూటర్లో ఏదో పాడైందనుకుని, ఆ ఫోల్డరు మొత్తం చెరిపేసి సర్వరు నుంచి మళ్ళీ కొత్తగా దింపుకుంది. సర్వరును పాడుచేసింది తానే అన్న సంగతి దింపుకున్నాక గుర్తొచ్చింది. తన దగ్గర మిగిలి ఉన్న ఆఖరి ఆనవాలు కూడా ఆ చెరపడంలో పోయింది. "ఓరి భగవంతుడా, నా చేతులు విరగ!" అని నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది.

ఇంక కోడ్ నకలు ఉన్నది ఎవరి దగ్గర? ఆఫీసులో మిగిలిన ఇద్దరూ పెట్టెల డబ్బాలు బిగించేవాళ్ళు, కోడ్ జోలికి రారు. జహీరుద్దీన్! ఆయన ల్యాప్‌టాప్‌లో పాత 2.8.8 అలాగే ఉంటుంది, ఆయన ఇవాళ దాన్ని బ్యాగులోంచి తియ్యనేలేదు, ఏమీ దింపుకోలేదు కాబట్టి. అలేఖ్య ఎగిరి గంతేసింది. గంతేసిన మనిషి మళ్ళీ నేలకు దిగేలోపే ఇంకోటి గుర్తొచ్చింది.

జహీరుద్దీన్‌కు శుభ్రం ఎక్కువ. ల్యాప్‌టాప్ మూత తెరవగానే దానంతట అదే నడిచే చిన్న స్క్రిప్టు ఒకటి రాసి పెట్టుకున్నాడు. సర్వరులో ఉన్న ట్యాగులన్నీ ఉన్నవి ఉన్నట్టు దింపుకుంటుంది, పేరు లేకుండా పడి ఉన్న పాత సరుకును అక్కడికక్కడే ఊడ్చి పారేస్తుంది. "ఇంట్ల కచరా ఎందుకు బేటా" అంటాడు. ఈరోజు మూత తెరిచాడో, ఆంటీ గొంతు లోకంలోనే ఉండదు!

ఆయన ఎక్కడున్నాడు? శుక్రవారం కదా, నమాజుకు వెళ్ళాడు. బ్యాగు భుజాన వేసుకునే వెళ్ళాడు, మసీదు నుంచి తిన్నగా సెంబవాంగ్ రైలెక్కుతానని. రైల్లో కూర్చోగానే ల్యాప్‌టాప్ తెరవడం ఆయనకు ఊపిరి పీల్చినంత అలవాటు. ఫోన్ చేస్తే స్విచాఫ్. ఆయన భార్య నిగార్‌కు చేసింది.

"ఆయన ఫోనా?" నిగార్ నవ్వింది. "శుక్రవారం నమాజుకు బంద్ చేస్తడు బేటీ, మళ్ళ చాలూ చేసుడు మరుస్తడు. పోయిన వారం నేను పెరుగు తెమ్మని చెప్పనీకె పది సార్లు చేసిన. రాత్రికి ఉత్త చేతులతోని వచ్చిండు."

"నిగార్ ఆంటీ, చాలా అర్జెంటు!"

"అయితే ఉరుకు బేటీ. ఫోన్‌తోని కాదు, నీ కాళ్ళతోనే దొరుకుతడు."

ఉరికింది. ఆఫీసు నుంచి మసీదు పది నిమిషాల నడక. అలేఖ్య నాలుగు నిమిషాల్లో చేరింది. లోపల నమాజు జరుగుతోంది. వీధి వారగా నీడలో నిలబడి, గేటు మీదనుంచి చూపు మరల్చకుండా, ఆ స్విచాఫ్ ఫోన్‌ను నోరారా తిట్టుకుంది. ఈ కాలంలో ఫోన్ ఆపుకుని తిరిగే మనిషి ఉంటాడా! ఫోనన్నది ఎందుకు కనిపెట్టినట్టు! మనసులో తిట్టుకోవాల్సింది పైకే తిట్టుకుందేమో, పక్కన ఐస్‌క్రీం బండి తాత వింతగా చూశాడు.

ఒంటి గంటా నలభై అయిదుకి జనం బయటికి పోటెత్తారు. వందల మంది. ఆఫీసు చొక్కాలు, తెల్లని టోపీలు, ఎవరి చెప్పులు ఎవరు వెతుక్కుంటున్నారో తెలియని సందడి. అలేఖ్య మునివేళ్ళ మీద నిలబడి ఒక్కో మొహమే చూసింది. జనం పలచబడ్డారు. జహీరుద్దీన్ లేడు. అప్పుడు చూసుకుంది, మసీదుకు వెనక ఇంకో గేటుందని! తల తిప్పేసరికి వీధి చివర, సిగ్నల్ దాటుతూ, నల్ల బ్యాగు, కొద్దిగా ఎడమకు ఒరిగే ఆ నడక.

"జహీర్ భాయ్! జహీర్ భాయ్!"

బస్సు అడ్డం వచ్చింది. బస్సు వెళ్ళేసరికి ఆయన స్టేషన్ మెట్లు దిగిపోయాడు.

ఈమె ప్లాట్‌ఫారం చేరేసరికి ఆయన రైలు కదిలింది. తర్వాతది రెండు నిమిషాలకు. ఒక స్టేషను అవతల, రాఫెల్స్ ప్లేస్‌లో, ఎర్ర లైన్ రైలుకు మారాలి. తలుపులు తెరుచుకోగానే దూకినంత పని చేసింది. ఎదుట ప్లాట్‌ఫారం మీద ఎర్ర లైన్ రైలు నిలబడే ఉంది, తలుపులు మూసుకునే గంట మోగుతోంది. దూరంగా, చిట్టచివరి పెట్టెలోకి ఎక్కుతున్న నల్ల బ్యాగు! అక్కడిదాకా పరిగెత్తే వ్యవధి లేదు. ఎదురుగా కనిపించిన మొదటి పెట్టెలోకే దూరింది. వీపు వెనక తలుపులు మూసుకున్నాయి. చున్నీ అంచు కాస్త ఇరుక్కుంది కూడా. లాక్కుంది, చిరిగింది, చిరిగితే చిరిగింది.

సింగపూర్ రైళ్ళు చేసిన వాళ్ళకు అలేఖ్య ఆ రోజు మనసులోనే దండం పెట్టుకుంది. ఆ రైల్లో పెట్టెకూ పెట్టెకూ మధ్య తలుపుండదు. ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచిపోవచ్చు. కానీ శుక్రవారం మధ్యాహ్నం, ఆరు పెట్టెల జనం! "ఎక్స్‌క్యూజ్ మీ అంకుల్, సారీ ఆంటీ, సారీ సారీ." సిటీ హాల్ దాటింది. రెండో పెట్టెలో బడిపిల్లల గుంపు, బ్యాగులన్నీ నేల మీదే. డోబీ ఘాట్. మూడో పెట్టెలో ఒక పెద్దావిడ, కూరగాయల బండి అడ్డం పెట్టుకుని, "అయ్యో గర్ల్, వై సో రష్? టాయిలెట్ ఆ?" అని అందరికీ వినబడేలా అడిగింది. అలేఖ్య "యెస్ ఆంటీ!" అనేసింది, సిగ్గుపడే తీరిక లేక. దారి వెంటనే దొరికింది. ఆర్చర్డ్, న్యూటన్. అయిదో పెట్టె. ఆయన ఈపాటికి కూర్చుని ఉంటాడు. ఈపాటికి బ్యాగు జిప్పు తీసి ఉంటాడు. నొవీనా. ఆరో పెట్టె.

చిట్టచివరి సీటులో జహీరుద్దీన్. ఒళ్ళో ల్యాప్‌టాప్. మూత తెరిచి ఉంది.

"ముయ్యండి! ముయ్యండి జహీర్ భాయ్! ముట్టుకోకండి!"

పెట్టె మొత్తం తిరిగి చూసింది. జహీరుద్దీన్ దొంగలా రెండు చేతులూ పైకెత్తాడు. ఒక చేతిలో ఫోన్ ఉంది, అప్పుడే ఆన్ అవుతోంది, తెర మీద కంపెనీ బొమ్మ వెలుగుతోంది. అలేఖ్య ఆ ఫోన్ లాక్కుని మీట గట్టిగా నొక్కిపట్టి ఆపేసి, అక్కడే నేల మీద కూలబడింది.

"అరే, ఏమైంది బేటా? ఎవరికన్నా..."

"స్క్రిప్టు నడిచిందా? అది చెప్పండి ముందు, నడిచిందా?"

"యాడ నడిచింది? నెట్‌వర్క్ లేదని మొదట్లనే ఆగిపోయింది. ఫోన్ చాలూ చేసి హాట్‌స్పాట్ పెడ్దామంటే నువ్వొచ్చి గుంజుకుంటివి!"

అలేఖ్యకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, ఏది ముందొచ్చిందో తెలియలేదు. గంట నుంచీ ఏ ఫోన్‌ను నోరారా తిట్టిందో, ఆ ఆపేసిన ఫోనే ఆంటీని కాపాడింది! నేల మీదనుంచి లేవకుండానే పొద్దుటినుంచి జరిగిందంతా ఒక్క గుక్కలో చెప్పేసింది. దింపుకోవడం, సర్వరు వద్దన్నా తోసెయ్యడం, కంగారులో చెరిపేసుకోవడం, ఏదీ దాచలేదు. "తప్పంతా నాదే" అని ముగించింది.

రైలు టో పాయో దాటింది. జహీరుద్దీన్ తెర ఆమె వైపు తిప్పి, తన దగ్గరున్న 2.8.8 ట్యాగును తెరిచి చూపించాడు. కట్టింది జహీరుద్దీన్. కింద ఆయన రాసుకున్న వాక్యం: ‘మూడు భాషలు, ఆంటీ గొంతు, కుక్కరుతో సహా.’

"ఉంది!" అని అలేఖ్య చప్పట్లు కొట్టింది. ఎదుటి సీటులో చంటిపిల్ల కూడా కొట్టింది.

"నీ ఒక్కదాని తప్పెట్ల అయితది?" అన్నాడాయన. "ఎనిమిది కోసం దుంకింది నేను. ట్యాగున్నది గదా అని బ్రాంచి తీసేసింది నేను. ఒరిజినలోళ్ళ అంకెలు మనయని మనం ఎట్ల వాడుకుంటం? వాళ్ళు ఏదో ఒక దినం అక్కడికి రాకపోతరా?" ల్యాప్‌టాప్ ఆమె ఒళ్ళో పెట్టాడు. "ఇగో, నువ్వే చెయ్యి. రిలీజు నీదన్న గదా."

"నేనా? ఇంత జరిగాక?"

"ఇంత జరిగినంకనే. జల్దీ చెయ్యి, రెండుంబావు అయితున్నది."

అలేఖ్య ల్యాప్‌టాప్ దగ్గరికి లాక్కుంది. ముందు ఆ స్క్రిప్టును తీసేసింది. తర్వాత ఆ పాత ట్యాగు ఎక్కడుందో అక్కడ ఒక బ్రాంచి కట్టింది, ఇంకెప్పుడూ ఒక్క చీటీ మీదే ప్రాణం పెట్టుకోకుండా. ఆ పైన కొత్త ట్యాగు. ఏం పేరు పెట్టాలి? 2.8.8 అంటే మళ్ళీ గొడవే. మంగతాయారు గారి వంటింట్లో జాడీల వరస గుర్తొచ్చింది. పక్క ఫ్లాట్ల వాళ్ళు కూడా ఆవిడ దగ్గరే పచ్చడి పెట్టించుకుంటారు, ప్రతి జాడీ మీదా పెట్టిన సంవత్సరంతో పాటు ఇంటిపేరు కూడా రాసి ఉంటుంది. అలేఖ్య టైపు చేసింది: ఆంటీ-2.8.8.

జహీరుద్దీన్ కళ్ళజోడు సవరించుకుని చదివి, పకపకా నవ్వాడు. "షాబాష్. ఇగ యూరపోళ్ళు వంద ఏండ్లయినా ఈ పేరుకు రారు."

అప్పుడు ఫోన్ ఆన్ చేశారు. దేన్నీ దింపుకోకుండా, ఆ ఒక్క బ్రాంచినీ ఆ ఒక్క ట్యాగునీ మాత్రమే పేరు పెట్టి పంపించింది. ఈసారి బలవంతం అక్కర్లేదు. సర్వరు మారు మాట్లాడకుండా తీసుకుంది. కొత్త పేరు చెప్పి నొక్కిన బిల్డుకు ఇరవై నిమిషాలు. రైలు బీషాన్ దగ్గర సొరంగంలోంచి ఎండలోకి వచ్చింది. ఇషున్‌లో సగం. సెంబవాంగ్‌లో దిగేసరికి ఎనభై శాతం. టాక్సీలో ఇద్దరూ ఒకే తెర వైపు చూస్తూ కూర్చున్నారు. యార్డు గేటు దగ్గర పచ్చదీపం వెలిగింది.

మూడింటికి అయిదు నిమిషాలు. ఓడ మీద, ట్యాంకు మూత దగ్గర, లియోంగ్ గారు రుమాలుతో మెడ తుడుచుకుంటున్నాడు. పక్కన తెల్ల హెల్మెట్, సేఫ్టీ ఆఫీసరు, చేతిలో స్టాప్‌వాచ్. ఆయన పరీక్ష సూటిగా ఉంటుంది. ముఠాలో ఆరుగురు ట్యాంకు లోపల మామూలుగా పని చేస్తుంటారు. లోపలి గాలి శుభ్రమే. పెట్టె గాలి పీల్చే గొట్టం దగ్గర మాత్రం చిన్న సీసాలోని పరీక్ష వాయువు వదులుతారు. ఎప్పుడు వదులుతారో లోపలివాళ్ళకు తెలియదు. ఆరుగురూ బయటికి రావడానికి ఎంతసేపు పట్టిందన్నదే లెక్క. పోయిన నెల ఇంగ్లీషు పెట్టెకు నాలుగు నిమిషాల పది సెకన్లు పట్టింది. అలేఖ్యను చూడగానే వీరభద్రరావు కళ్ళతోనే అడిగాడు. ఆమె తలూపింది.

లియోంగ్ గారు పెట్టె తెర మీదకు వంగి చూశాడు. "ఆంటీ? వాట్ ఈజ్ దిస్ ఆంటీ?" మళ్ళీ చూశాడు. "హ, స్టిల్ గాట్ డబుల్ ఎయిట్. కెన్, కెన్."

ఆఫీసరు సీసా మూత తిప్పాడు.

ఒకటి, రెండు, మూడు సెకన్లు. ఏమీ లేదు. అలేఖ్య జహీరుద్దీన్ చొక్కా చెయ్యి పట్టుకుంది. నాలుగు. అయిదు.

"ఒరేయ్!"

ఓడంతా దద్దరిల్లింది. "లోపల గాలి బాగోలేదు, వినబడుతోందా? ఆ పని తర్వాత చూసుకోవచ్చు, ఎక్కడివక్కడ వదిలేసి ముందు బయటికి రండి! నీకే చెప్పేది, వెనక్కి చూస్తావేం? రా!" ఆ తర్వాత, సెంబవాంగ్ వంటింటి కుక్కరు కూత.

తమిళం మొదలవనేలేదు. ట్యాంకులోంచి ఇనుప నిచ్చెన మీద బూట్ల చప్పుడు దడదడా పైకొచ్చింది. ఒక తల, రెండో తల, మూడు, నాలుగు, అయిదు. ఆరోవాడు బ్రష్షు కూడా చేతిలోనే పట్టుకుని పైకొచ్చేశాడు. ఆరుగురూ ఎవరూ చెప్పకుండానే పసుపు గీత వెనక వరసగా నిలబడ్డారు, రొప్పుతూ.

ఆఫీసరు పెట్టె వైపు చూశాడు. "వాట్ షి సే?" అని అడిగాడు. చెప్పడానికి లియోంగ్ గారికి తెలుగు రాదు. అలేఖ్య ఇంగ్లీషులో మాటలు వెతుక్కుంటోంది. ఈలోగా ఆఫీసరు తలెత్తి వరసలో ఉన్న ఆరుగురినీ చూశాడు, స్టాప్‌వాచ్ చూశాడు. నలభై ఒక్క సెకన్లు. ఇంక జవాబు కోసం ఆగలేదు. కాగితం మీద సంతకం పెట్టేశాడు.

వీరభద్రరావు తలపాగా తువ్వాలు విప్పి మొహం కప్పుకున్నాడు. లియోంగ్ గారు "హువాట్ ఆ!" అని కేక పెట్టి జహీరుద్దీన్‌ను కావలించుకున్నాడు. అలేఖ్య మాత్రం వరస దగ్గరికి, ఆ బ్రష్షు పట్టుకున్న మనిషి దగ్గరికి వెళ్ళింది. నలభై ఏళ్ళుంటాయి, కణత మీద పాత కుట్ల మచ్చ.

"సింహాద్రి గారంటే మీరేనా?"

"నానేనమ్మా."

"మీరు ఆఖరున వచ్చారే? వినబడలేదా?" ఆమె గొంతులో భయం ఇంకా పోలేదు.

"ఎందుకినపడదమ్మా! ముందోలందర్నీ ఎక్కించి ఆకరికొచ్చినాను. కిందటేడు నన్ను మోసింది ఆలే కదా." సింహాద్రి బ్రష్షు కింద పెట్టి, పెట్టె వైపు చూసి నవ్వాడు. "ఆంటీ పిలిసినాక ఉండిపోతామేటి? ఎల్లుండి ఆదివారం ఏ మొకం పెట్టుకుని బోయినానికెల్తాం?"